పాత చెక్క.. గాజు పెంకు.. ఆమె కథ!

శిల్పం అనగానే ఏం గుర్తొస్తుంది? నల్లరాయి, ఉలి, సుత్తి. లేదంటే నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టిన కంచు విగ్రహం. కానీ చిట్లిన గాజులు, రాలిన వెంట్రుకలు, వెలిసిపోయిన చీర, కుంకుమ పట్టించిన దారం, విరిగిన కొలువు బొమ్మ.. ఇవి కూడా శిల్పాలయ్యాయి. పేరున్న మ్యూజియాలకెక్కాయి. స్త్రీ జీవితాన్ని ఆమె చేతుల్లో నలిగిన వస్తువులతోనే చెప్పే ఈ కళ సంగతేమిటో తెలుసుకోవాలంటే న్యూయార్కో వెనిసో వెళ్లక్కర్లేదు. పాతబస్తీలోని దబీర్‌పురా నుంచి బయల్దేరితే చాలు!

హైదరాబాద్ నగరం చుట్టూ ఒకప్పుడు రాతి ప్రాకారం ఉండేది. దానికి పదికి పైగా దర్వాజాలు. కాలం ప్రాకారాన్ని మింగేసింది. దర్వాజాల్లో ఇప్పటికి మిగిలినవి రెండే. ఒకటి పురానాపూల్ దగ్గర, రెండోది దబీర్‌పురాలో. దబీర్ అంటే పారశీకంలో లేఖకుడు అని అర్థం. రాతకోతలు చేసేవాళ్ల పేరు మీద వెలసిన ఆ పేటలో ఓ స్త్రీ జ్ఞాపకం కాగితం మీద కాకుండా, ఓ చెక్క ముక్కలో భద్రంగా ఉంది.

అదే బీబీ కా అలావా.

ఏటా మొహర్రం పదో రోజున ఇక్కణ్నుంచే బీబీ కా ఆలం ఏనుగు మీద ఊరేగింపుగా బయల్దేరుతుంది. చార్మినార్ మీదుగా సాగి చాదర్‌ఘాట్ దగ్గర ముగుస్తుంది. నల్లబట్టల్లో వేలమంది వెంట నడుస్తారు. మేడల మీద నుంచి, గల్లీల మొగల్లో నుంచి మతాలతో నిమిత్తం లేకుండా జనం చూస్తారు. మన పల్లెల్లో పీర్ల పండుగ ఎరిగినవాళ్లకి ఆలం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కర్బలా అమరుల గుర్తుగా ఎత్తే లోహపు ధ్వజం అది.

బీబీ కా ఆలంలో ఉన్న ప్రత్యేకత మరొకటి. ప్రవక్త కుమార్తె, ఇమామ్ హుస్సేన్ తల్లి అయిన బీబీ ఫాతిమాకి అంతిమ స్నానం చేయించిన చెక్కపలకలోని ఓ ముక్క అందులో ఉందని భక్తుల విశ్వాసం. ఆ చెక్క గోల్కొండకి చేరాక, కుతుబ్‌షాహీల ఇంటి పెద్దదిక్కు హయత్ బక్షీ బేగం ఆలంని నెలకొల్పిందని చెబుతారు. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్‌షాకి కూతురు. సుల్తాన్ మహమ్మద్‌కి భార్య. అబ్దుల్లా కుతుబ్‌షాకి తల్లి. హయత్‌నగర్‌కి ఆ పేరు ఆమె వల్లే వచ్చింది. ఆసఫ్‌జాహీల కాలంలో ఆలం దబీర్‌పురాకి చేరింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దానికి వజ్రాలూ ఆభరణాలూ సమర్పించాడు.

ఇది శిల్పం కాదు. విశ్వాసం. దాన్ని కళావస్తువుల జాబితాలో కలిపేయడం సరికాదు కూడా. కానీ ఓ సంగతి గమనించండి. ఓ మహనీయురాలిని తలచుకోవడానికి ఇక్కడ ఆమె రూపాన్ని చెక్కలేదు. ముఖాన్ని ఊహించలేదు. ఆమె దేహాన్ని తాకిన ఓ మామూలు వస్తువుని ఎత్తిపట్టారు. వజ్రాలు ఆ తర్వాతి సంగతి. విలువంతా చెక్కది!

ఓ మనిషి వాడిన వస్తువు ఆ మనిషి బొమ్మకన్నా ఎక్కువ చెబుతుందన్న ఎరుక మన ఇళ్లలోనూ ఉంది. అమ్మమ్మ పోయాక ఆమె ఫొటో గోడకెక్కుతుంది. కానీ ఏడుపు తెప్పించేది ఫొటో కాదు.. ఆమె వక్కలు కత్తిరించిన అడకత్తెర. దొరికిన వస్తువులతో శిల్పాలు చేసే కళాకారిణులు పట్టుకున్నది ఆ అడకత్తెర రహస్యాన్నే.

మేలిముసుగు రెబెకా.. మరో పక్క అలమారా

దబీర్‌పురాకి దగ్గర్లోనే, దారుల్‌షిఫాలో, సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. హైదరాబాద్ పిల్లలంతా ఒక్కసారైనా చూసిన బొమ్మ అందులో ఉంది. మేలిముసుగు రెబెకా! ఇటలీ శిల్పి జొవన్నీ మరియా బెంజోనీ చెక్కిన పాలరాతి శిల్పం. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొని తెచ్చాడు. రాతిని చెక్కి, పలుచని ముసుగు కిందనుంచి ముఖం కనపడేలా చేశాడంటే ఆ ఉలి పనితనానికి దండం పెట్టాల్సిందే.

అదే మ్యూజియంలో మరో వింత.. జోడు శిల్పం. ఒకే కర్ర దుంగలో ముందువైపు అహంకారంతో నిలబడ్డ మెఫిస్టోఫిలిస్. వెనకవైపు తలదించుకున్న మార్గరెట్టా. ఆమెని చూడాలంటే వెనక పెట్టిన అద్దంలోకి చూడాల్సిందే. మగవాడు ఎదురుగా, ఆడది అద్దంలో!

రెండూ గొప్ప పనితనమే. రెండింటిలోనూ స్త్రీని చూసింది మాత్రం మగశిల్పి. ఆమె తలవంచుకుని ఉంటుంది. ముసుగులో ఉంటుంది. అందంగా ఉంటుంది. చేతులకి పని ఉండదు. అంట్లు తోమిన గరుకుదనం ఆ పాలరాతి వేళ్లలో ఎక్కడా కనిపించదు.

ఇంకాస్త ఇటు వస్తే పురానీ హవేలీ. అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల కోసం కట్టిన రెండంతస్తుల పొడవాటి టేకు అలమారాలు ఉన్నాయి. ఓ పురుషుడి దుస్తులకి ఓ మహల్లో అంత చోటు! మరి ఆ బట్టలు ఉతికి, మడతపెట్టి, చిరిగితే కుట్టినవాళ్లో? వాళ్ల వస్తువు ఒక్కటైనా మిగిలిందా?

మ్యూజియాలు ఎవరి వస్తువులు దాచాయి, ఎవరివి దాచలేదు అన్న ఈ ప్రశ్న దగ్గరే ఆడవాళ్ల శిల్పం కొత్త దారి పట్టింది. రాజుల అలమారాలో చోటు దొరకని వస్తువులని ఏరుకొచ్చి, 'ఇవీ చరిత్రే' అంది.

కప్పుకి బొచ్చు.. పనిమనిషి బొమ్మకి తుపాకీ

దొరికిన వస్తువుని యథాతథంగా కళగా చూపించడం ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో మొదలైంది. 1917లో మార్సెల్ డ్యూషాంప్ అంగట్లో కొన్న మూత్రశాల గిన్నెని ప్రదర్శనకి పంపి, దానికి 'ఫౌంటెన్' అని పేరుపెట్టాడు. నిర్వాహకులు ప్రదర్శించలేదు. కానీ 'కళాకారుడు చేసిందే కళా? ఎంచుకున్నది కూడా కళేనా?' అన్న చర్చ అప్పుడు మొదలై ఇప్పటికీ ఆగలేదు.

మగవాళ్ల చేతుల్లో చాలావరకూ చమత్కారంగా ఉన్న ఈ పద్ధతి ఆడవాళ్ల చేతికొచ్చేసరికి సొంత కథ అయింది. 1936లో మెరెట్ ఓపెన్‌హైమ్ అనే యువతి టీకప్పు, సాసరు, చెంచా తీసుకుని వాటికి జంతువు బొచ్చు తొడిగింది. అంతే! అతిథి మర్యాదకీ ఆడవాళ్ల నాజూకుతనానికీ గుర్తయిన కప్పుని పెదవి దగ్గరికి తీసుకెళ్లాలంటే ఒళ్లు జలదరిస్తుంది. అదిప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది.

కలప వ్యాపారి కూతురు లూయీ నెవెల్సన్ న్యూయార్క్ వీధుల్లో జనం పారేసిన కుర్చీకాళ్లు, తలుపుచెక్కలు, మెట్ల కమ్మీలు ఏరుకొచ్చేది. వాటిని పెట్టెల్లో అమర్చి, ఒకే రంగు వేసి, గోడంత ఎత్తున నిలబెట్టేది. శిల్పం అంటే కండబలం ఉన్న మగవాళ్ల పని అనుకునే రోజుల్లో ఆమె గోడలు కట్టింది.

1972లో అమెరికా నల్లజాతి కళాకారిణి బెట్యే సార్ చేసిన పని ఇంకా సూటిగా ఉంటుంది. అట్లపిండి పొట్లాల మీద 'ఆంట్ జెమీమా' అనే లావుపాటి నల్లజాతి వంటామె బొమ్మ ఉండేది. ఎప్పుడూ నవ్వుతూ, యజమానులకి సేవచేస్తూ ఉండే ఆ రూపంతో వంటింటి సామాన్లు కూడా వచ్చేవి. అలాంటి ఓ పాత బొమ్మ బెట్యే సార్‌కి దొరికింది. ఆమె దాన్ని చిన్న పెట్టెలో నిలబెట్టి ఓ చేతిలో చీపురు ఉంచి, రెండో చేతికి తుపాకీ ఇచ్చింది. వెనక గోడంతా పిండిపొట్లాల లేబుళ్లు అతికించింది. వెక్కిరించడానికి తయారైన బొమ్మే తిరగబడింది! ఆ పిండి బ్రాండ్ పేరుని కంపెనీ 2021లో మార్చేసింది. బొమ్మ తిరగబడ్డాక దాదాపు యాభై ఏళ్లకి అన్నమాట.

పాకిస్థాన్‌లో కరాచీ కళాకారిణి అదీలా సులేమాన్ గిన్నెలు, గరిటెలు, జల్లెళ్లు కలిపి బిగించి హెల్మెట్లు చేసింది. మోటారుసైకిల్ వెనక ఒకవైపు కాళ్లు వేసుకుని కూర్చుని వెళ్లే ఆడవాళ్ల కోసం! ముందు కూర్చున్న మగవాడికి హెల్మెట్ ఉంటుంది. వెనక కూర్చున్న ఆమెకి ఉండదు. ఆమె తలకి రక్షణ వంటింటి సామానే అన్న ఈ వెటకారం దబీర్‌పురా రోడ్ల మీద బండి వెనక వెళ్లే ఏ ఇల్లాలికైనా వెంటనే అర్థమవుతుంది.

కుంకుమ దారం.. తలనీలాల తాడు

ఇక మన దేశానికి వద్దాం. ఈ మలుపులో 1992 డిసెంబరుకి పెద్ద పాత్ర ఉంది. బాబ్రీ మసీదు కూల్చివేత, ఆ తర్వాతి అల్లర్లు చాలామంది చిత్రకారులని కుదిపేశాయి. కాన్వాసు, రంగులు చాలవనిపించింది. వాళ్లలో ఇద్దరు మహిళల గురించి చెప్పుకోవాలి.

రుమ్మానా హుస్సేన్ 1952లో బెంగళూరులో పుట్టింది. ముంబయిలో చిత్రకారిణిగా స్థిరపడింది. 1992 తర్వాత ఆమె బొమ్మలు వేయడం తగ్గించి మట్టికుండల వైపు మళ్లింది. పగిలిన కుండ, దాని పెంకులు, సగానికి కోసిన బొప్పాయి. ఇవే ఆమె భాషయ్యాయి. కుండ పగిలితే మసీదు గుమ్మటం గుర్తొస్తుంది. స్త్రీ దేహమూ గుర్తొస్తుంది. 1995లో ముంబయిలో ఆమె కోసిన బొప్పాయి చేత్తో పట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, నోరు తెరిచి శబ్దం చెయ్యకుండా జనం మధ్య నడిచింది. అరుపు ఉంది.. వినపడదు! ముస్లింగా, స్త్రీగా రెండు రకాలుగా అంచున నిలబడ్డ మనిషి మౌనం అది. 1857 తిరుగుబాటులో లక్నోని నడిపించిన బేగం హజ్రత్ మహల్‌ని తలచుకుంటూ 1997లో మరో పని చేసింది. రొమ్ము క్యాన్సర్‌తో పోరాడుతూ, ఆసుపత్రినీ ప్రార్థనాస్థలాన్నీ కలిపినట్టుండే 'ఎ స్పేస్ ఫర్ హీలింగ్' రూపొందించింది. 1999లో, 47 ఏళ్లకే, కన్నుమూసింది.

రెండో ఆమె షీలా గౌడ. 1957లో కర్ణాటకలోని భద్రావతిలో పుట్టింది. ఆమె కూడా చిత్రకారిణే. తొంభైల్లో కుంచె పక్కనపెట్టి ఆవుపేడ పట్టుకుంది. సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టే మనకి పేడ కొత్తేమీ కాదు. అలికేది ఆడవాళ్లు, పిడకలు కొట్టేది ఆడవాళ్లు. అది పవిత్రమూ, చాకిరీ కూడా. ఆ రెండూ ఒకేచోట ఉండటమే ఆమెకి కావలసిన విషయం.

ఆమె చేసిన మరో శిల్పానికి 'నా బాధ అతనికి చెప్పు' అనే అర్థం వచ్చే పేరు. 1998లో మొదలైన ఈ పనిలో వందల అడుగుల దారాన్ని సూదుల్లోంచి గుచ్చి లాగింది. ఆ దారాలన్నిటికీ కుంకుమ, జిగురు పట్టించి ఎర్రటి తాడు చేసింది. చివర సూదుల గుత్తి అలాగే వేలాడుతుంది. గది నిండా గోడల మీదా నేల మీదా మెలికలు తిరిగే ఆ తాడుని చూస్తే బొడ్డుతాడు అనిపిస్తుంది. పేగు అనిపిస్తుంది. దగ్గరికెళితే సూదులు! ఎన్ని వేలసార్లు సూదిలోకి దారం ఎక్కించి ఉంటుందో ఆలోచిస్తే, ఇంట్లో అమ్మ కళ్లు చికిలించి దారం ఎక్కించే దృశ్యం కళ్లముందుకొస్తుంది. ఆ చాకిరీని ఎవరూ లెక్కపెట్టలేదు. షీలా గౌడ మీటర్లలో కొలిచి చూపించింది.

2009లో వెనిస్ బినాలేలో ఆమె 'బిహోల్డ్' ప్రదర్శించింది. వెంట్రుకలతో పేనిన తాడు సుమారు నాలుగు కిలోమీటర్లు. దానికి వేలాడుతూ స్టీలు కారు బంపర్లు. ఇప్పుడది లండన్‌లోని టేట్ సేకరణలో ఉంది. ఆ వెంట్రుకలు ఎక్కడివనుకున్నారు? గుళ్లలో మొక్కుగా ఇచ్చిన తలనీలాలు! పొడవాటివి విగ్గులకి పోతాయి. పొట్టివి తాళ్లవుతాయి. దిష్టి తగలకుండా ఆ తాళ్లని కార్లకీ లారీలకీ కడతారు. ఏ తల్లి ఏ బిడ్డ జ్వరం తగ్గాలని మొక్కుకుని ఇచ్చిన జుట్టో, చివరికి ఎవరి బండికో కాపలా కాస్తోంది. అన్ని కిలోల ఇనుముని అంత సన్నని వెంట్రుకలు మోస్తున్నాయి. వేరే వ్యాఖ్య అక్కర్లేదు కదా!

తిరుపతికి పోయి గుండు చేయించుకునే తెలుగువాళ్లకి ఈ శిల్పం పరాయిది కాదు. దువ్వెనకి వచ్చిన చిక్కు వెంట్రుకలని ఉండచుట్టి గోడ సందులో దాచి, 'వెంట్రుకలు కొంటాం' అని వీధిలో కేక వినపడగానే పిన్నీసులకీ గిన్నెకీ మార్చుకునే ఆడవాళ్లకి అసలే కాదు.

తాడు నుంచి యక్షి.. కొలువు బొమ్మ నుంచి ఆదిమాత

వీళ్లకన్నా ముందే, డెబ్భైల నుంచే, మృణాళినీ ముఖర్జీ (1949-2015) తాడుతో శిల్పాలు అల్లింది. ఉలి లేదు, సుత్తి లేదు. జనపనార లాంటి మోటు నారతాళ్లకి రంగులద్ది, ముడి మీద ముడి వేస్తూ మనిషిని మించిన ఎత్తు రూపాలు నిలబెట్టింది. వాటికి యక్షి, వనశ్రీ లాంటి పేర్లు. 'ఇది శిల్పమా, అల్లికా?' అని విమర్శకులు గింజుకున్నారు. అల్లిక అంటే ఆడవాళ్ల కాలక్షేపం అన్న చులకన ఉంది కదా! 2015లో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో ఆమె జీవితకాల కృషితో ప్రదర్శన మొదలైన కొద్దిరోజులకే కన్నుమూసింది. 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆమె శిల్పాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది.

లండన్‌లో పుట్టి తొంభైల తొలినాళ్లలో మనదేశానికి వచ్చిన భారతీ ఖేర్‌ది మరో దారి. ఆమె పట్టుకున్నది బొట్టుబిళ్లని. రూపాయికో రెండు రూపాయలకో అట్ట మీద దొరికే స్టిక్కర్ బొట్లని వేలకివేలు అతికిస్తుంది. 2006లో చేసిన కూలబడ్డ ఏనుగు ఒళ్లంతా బొట్లే. పాత చీరలని స్తంభాలకి చుట్టి, అవి అలాగే బిగుసుకుపోయేలా రెసిన్ పోస్తుంది. చీర ఉంటుంది, మనిషి ఉండదు. అయినా మనిషే కనిపిస్తుంది.

తెలుగు లోగిళ్లకి బాగా దగ్గరయ్యే పని ఆమె ఇంకోటి చేసింది. దక్షిణాది కొలువు బొమ్మలని సేకరించింది. విరిగినవాటిని కలిపి, కలిసినవాటిని విరిచి కొత్త రూపాలు కట్టింది. ఒకరి తల ఇంకొకరి మొండేనికి, మనిషి కాలు జంతువు నడుముకి. ఆ వరసలోని చిన్న మట్టిబొమ్మే పెరిగి పెద్దదై 2022లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ దగ్గర 18 అడుగుల కంచు శిల్పంగా నిలబడింది. పేరు 'యాన్సెస్టర్'. ఒంటినిండా 23 మంది పిల్లల తలలు మోస్తున్న తల్లి! మన కొలువులో మూడో మెట్టు మీద, ముక్కు విరిగిందని వెనక్కి నెట్టేసే బొమ్మ వంశంలోదే ఆమె కూడా.

ఆడవాళ్లే కాదు. చండీగఢ్‌లో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన నేక్‌చంద్ 1950ల చివర్లో అడవిలో గుట్టుగా మొదలుపెట్టి, 1976లో జనానికి తెరిచిన రాక్ గార్డెన్ చూశారా? అందులో వరసలు తీరి నిలబడ్డ ఆడబొమ్మల ఒళ్లంతా చిట్లిన గాజు ముక్కలే. గాజు పగిలిందనకూడదు, చిట్లిందనాలి అని మన పెద్దవాళ్లు చెబుతారు. ఎందుకో తెలుసు కదా. భర్త పోయిన ఆడమనిషి చేతులు ఆ మాటలో దాగున్నాయి. అశుభమని ఊడ్చి పారేసిన పెంకులు అక్కడ రంగురంగుల పట్టుచీరలై మెరుస్తున్నాయి!

మరి మన దగ్గర?

తెలుగు శిల్పుల్లో స్త్రీ రూపం అనగానే గుర్తొచ్చే పేరు జి.రవీందర్‌రెడ్డి. సూర్యాపేటలో పుట్టి, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆయన చేసిన పెద్ద పెద్ద తలలు దేశదేశాలు తిరిగాయి. వెడల్పాటి కళ్లు, కొప్పునిండా పూలు, బంగారు పూత. అవి మన పల్లె ఆడవాళ్ల ముఖాలే. ముడిసరుకు మాత్రం ఫైబర్‌గ్లాస్. దొరికిన వస్తువులతో పనిచేసేవాళ్లు కావాలంటే తెనాలి వెళ్లాలి. అక్కడి కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర పాత ఇనుప సామానుతో నిలువెత్తు విగ్రహాలు నిలబెడుతున్నారు. బోల్టులు, గేర్లు, గొలుసులు వాళ్ల చేతుల్లో కండలవుతాయి, కనుబొమలవుతాయి.

అయితే అసలు సంగతి వేరే ఉంది. దొరికినవాటితో రూపం కట్టడం మన ఆడవాళ్లు ఏ గ్యాలరీ చెప్పకముందే చేస్తున్నారు!

బతుకమ్మనే చూడండి. తంగేడు, గునుగు, బంతి, కట్ల.. చేలగట్ల మీదా బీళ్లలోనూ పూసేవే ఎక్కువ. తాంబాళంలో వలయాలుగా పేర్చుకుంటూ పోతే శిఖరం లేస్తుంది. పైన పసుపు గౌరమ్మ. అది దేవత, ఆడపిల్ల, ఆడపిల్ల బతుకు కూడా. చుట్టూ తిరిగి పాడుకున్నాక చెరువులో వదిలేస్తారు. ఇవాళ్టి ప్రపంచ కళాకారులు 'కొన్ని గంటలే ఉండే శిల్పం' అని గొప్పగా చెప్పుకునే మాట మన అమ్మలకి తరతరాలుగా తెలుసు.

బొంత సంగతీ అంతే. నాయనమ్మ నూలుచీర, అమ్మ ముతకచీర, పిల్లల గౌన్లు పొరలుగా పరిచి దగ్గరదగ్గరగా కుట్లు వేస్తే ఓ ఇంటి మూడు తరాల చరిత్ర ఒకేచోట పడుకుంటుంది. దాన్ని మనం చలికి కప్పుకున్నాం. గోడకి తగిలించి చూడాలని తోచలేదు. చిట్లిన గాజుల్ని దీపం సెగకి వంచి, ఒకదాంట్లో ఒకటి వేసి గొలుసులు చేసిన ఆడపిల్లలు ఎంతమంది లేరు? వాళ్లని ఎవరూ శిల్పులనలేదు. వాళ్లూ అనుకోలేదు.

దబీర్‌పురా నుంచి కాస్త నడిస్తే లాడ్‌బజార్. కొలిమి సెగకి కరిగిన లక్కని లోహపు చుట్టు మీద పరిచి, వేడి చల్లారేలోపు ఒక్కో రాయీ పొదుగుతారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు దక్కింది. గాజుకి గుర్తింపు వచ్చింది. ఆ రాయి పొదిగిన వేళ్లకి మాత్రం ఇంకా పేరు లేదు.

చెత్తని కళ అంటే నమ్మాలా?

'మా అటక నిండా ఇలాంటి శిల్పాలే ఉన్నాయి' అని మీ ఇంట్లో ఎవరో ఒకరు నవ్వే ఉంటారు. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. పాత వస్తువు తెచ్చి గ్యాలరీలో పెట్టినంత మాత్రాన కళ అయిపోదు. తేలిగ్గా పేరు తెచ్చుకోవడానికి ఇదో అడ్డదారిగా వాడుకునేవాళ్లూ ఉన్నారు.

అంతకన్నా చిక్కు ప్రశ్న ఇంకోటి ఉంది. పేద ఇంటి చీర, పేద తల్లి జుట్టు గ్యాలరీలో లక్షలు పలుకుతాయి. అది ఇచ్చిన ఆమెకి దక్కింది పిన్నీసుల అట్టో, స్టీలు గిన్నో. స్త్రీల చాకిరీ గురించి మాట్లాడే శిల్పమే ఆ చాకిరీని చవగ్గా కొనుక్కుంటే? ఈ ప్రశ్నకి తేలికైన జవాబు లేదు. మంచి శిల్పం ఈ ప్రశ్నని దాచదు. షీలా గౌడ దారం చివర సూదుల్ని తీసేయకుండా ఉంచింది అందుకేనేమో!

అలాంటి శిల్పం ఎదురైతే మూడు సంగతులు చూడండి. ఒకటి.. ఆ వస్తువు ఎవరి చేతుల్లోంచి వచ్చింది? రెండు.. దాని బదులు వేరే వస్తువు పెడితే అర్థం మారుతుందా? కుంకుమ బదులు ఎర్రరంగు పూస్తే ఆ తాడు వట్టి తాడే. మూడు.. ఇంటికెళ్లాక మీ ఇంట్లో ఉన్న అదే వస్తువు మీకు మునుపటిలా కనిపిస్తోందా? మూడో ప్రశ్నకి 'లేదు' అన్న జవాబొస్తే ఆ శిల్పి గెలిచినట్టే.

అటక మీద ఏముంది?

పాతచీరలకి స్టీలు సామాన్లిచ్చే ఆమె వీధిలోకొచ్చి కేకేస్తుంది. మనం బీరువా తెరుస్తాం. చిరుగులు చూస్తాం, జరీ ఉందా లేదా చూస్తాం. నాలుగు చీరలకి ఓ టిఫిను గిన్నె. బేరం బాగానే కుదిరిందనుకుంటాం. వాటిలో ఓ చీర ఎవరి సీమంతానిది, ఓ చీర కొంగు ఎన్ని జ్వరాలకి తడిబట్ట అయింది.. గిన్నె అవేమీ చెప్పదు.

అన్నీ దాచుకోమని కాదు. అలా దాచుకుంటే ఇళ్లు చాలవు. కానీ ఒక్కటి.. అమ్మదో, అత్తగారిదో, నాయనమ్మదో ఒక్క వస్తువు పక్కన పెట్టండి. అది ఎవరిది, దేనికి వాడింది, ఎందుకు అరిగింది.. ఓ చీటీ మీద రాసి దానికి కట్టండి. పిల్లలచేత రాయిస్తే మరీ మంచిది. అడిగి రాసేసరికి వాళ్లకి ఓ కథ తెలుస్తుంది. చెప్పేవాళ్లు ఉండగానే అడగాలి మరి.

దబీర్‌పురాలో ఓ చెక్కముక్కని ఇన్నాళ్లుగా కాపాడుతోంది వజ్రాలు కాదు. అది ఎవరిదో మర్చిపోని మనుషులు. రాజుల వస్తువులకి మ్యూజియాలున్నాయి. ఆడవాళ్ల వస్తువులకి మనమే ఉన్నాం!